ఏటా వంద పెళ్ళిళ్ళు కూడా లేవు, మరి చట్టం ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: "దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళని పెళ్ళి చేసుకోకూడదని 1949లో చట్టం చేశారట. అప్పటికి అలాంటి పెళ్ళిళ్ళు ఏటా వంద కూడా జరిగేవి కావట. అంత అరుదైన దానికి చట్టం ఎందుకు? ఇది మన కుల పట్టింపు లాంటిదేనా, లేక వెనక ఇంకేదైనా రాజకీయం ఉందా?"

నేను డర్బన్ దగ్గర పదకొండేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాను. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో భోజనాలు చేశాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి అక్షింతలు వేశాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు కులం సంగతి. పోలిక ఉంది, కాదనను. ఇంటి పిల్ల ఎవరిని చేసుకుంటుందన్న దాని మీద ఊరి పరువంతా వేలాడదీయడం రెండుచోట్లా ఒకటే. కానీ మన దగ్గర ఇంట్లోంచి వచ్చేసిన జంట ఎక్కడికి పరిగెడుతుంది? రిజిస్ట్రార్ ఆఫీసుకి. కనీసం కాగితం మీదైనా చట్టం తమవైపు ఉందన్న ధైర్యంతో. అక్కడ ఆ రిజిస్ట్రారే అడ్డం. రెండువైపులా తల్లిదండ్రులు ఒప్పుకుని, దీవించడానికి సిద్ధంగా ఉన్నా పెళ్ళి జరగదు. తెలిసి జరిపించిన పాస్టర్‌కి జరిమానా. పోనీ పక్క దేశానికి వెళ్ళి చేసుకొస్తామంటే, దక్షిణాఫ్రికాలో స్థిరనివాసం ఉన్న మగవాడు బయట చేసుకున్న అలాంటి పెళ్ళి కూడా స్వదేశంలో చెల్లదని అదే చట్టంలో రాశారు. పెద్దలు కోప్పడితే ఏదో ఒకరోజు చల్లారతారు, మనవడు పుడితే మెత్తబడతారు. చట్టానికి మనవళ్ళు ఉండరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేషనల్ పార్టీ 1948 మే ఎన్నికల్లో గెలిచింది. ఎవరు ఏ జాతో నమోదు చేసే చట్టం, ఏ జాతి ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టం రెండూ 1950వి. మిశ్రమ వివాహాల నిషేధం మాత్రం 1949 జులైకే అమల్లోకి వచ్చింది. అంటే ఎవరెవరు ఏమిటో రాసుకోకముందే ఎవరు ఎవరిని చేసుకోకూడదో రాసేశారు. ఇల్లు కట్టకముందే తాళంకప్ప కొన్నట్టు. ఇంత తొందర ఎందుకో అర్థం కావాలంటే ఆ పార్టీకి ఓట్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి.

1932లో కార్నెగీ కమిషన్ అనే ఒక విచారణ సంఘం దేశంలో 3 లక్షల మంది దాకా 'పేద తెల్లవాళ్ళు' ఉన్నారని అంచనా వేసింది. ఎక్కువమంది ఆఫ్రికానర్లు, అంటే డచ్చి మూలాలున్న రైతు కుటుంబాలవాళ్ళు. కరువుకీ అప్పులకీ పొలాలు పోయి జొహానెస్‌బర్గ్ లాంటి ఊళ్ళకి కూలికి చేరినవాళ్ళు. వాళ్ళ ఆడపిల్లలు కుట్టు ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళేవారు. అద్దె తక్కువని వాళ్ళు ఉండే వీధుల్లోనే కలర్డ్ కుటుంబాలు (అంటే మిశ్రమ సంతతివాళ్ళు), భారతీయులు, నల్లవాళ్ళు ఉండేవారు. కొళాయి ఒకటే, కిరాణా కొట్టు ఒకటే. అలాంటి చోట పలకరింపులు ఉంటాయి, స్నేహాలు ఉంటాయి, ఒకటీ అరా ప్రేమలూ ఉంటాయి. జేబులో డబ్బుల్ని బట్టి ఓటేస్తే ఈ జనం పక్కింటి నల్ల కూలీతో కలిసి యూనియన్‌కి వేయొచ్చు. 'నేను తెల్లదాన్ని' అన్న ఒక్క గుర్తు మీద వేస్తేనే నేషనల్ పార్టీకి పడుతుంది. 1938 ఎన్నికల్లోనే ఆ పార్టీ మిశ్రమ వివాహాల భయం పుట్టించే పోస్టర్ ఒకటి వేసి పెద్ద గొడవ చేసింది. కాబట్టి ఆ వంద లోపు పెళ్ళిళ్ళని ఆపడం వాళ్ళకి అసలు పని కాదు. పొలం పోయి, చేతిలో ఏమీ లేని తెల్ల కూలీకి 'నీకూ ఒక హోదా ఉంది, దాన్ని మేం కాపాడతాం' అని చెప్పడమే పని. మిగతా లక్షల పెళ్ళిళ్ళకి అందిన హెచ్చరిక అది.

రెండో కారణం ఆస్తి. తెల్ల యజమానులకి, బానిస స్త్రీలకి మధ్య సంబంధాలు 17వ శతాబ్దం నుంచీ కేప్‌లో, అంటే కేప్‌టౌన్ చుట్టుపక్కల ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 'కలర్డ్' అనే పెద్ద సమాజం ఏర్పడటంలో వాటి పాత్ర తక్కువేం కాదు. బిడ్డ వంటింట్లో పెరిగినంతకాలం ఎవరికీ బెంగ లేదు. వాకిట్లోకి వచ్చి ఇంటిపేరు చెప్పి, పొలంలో వాటా అడిగితేనే బెంగ. పెళ్ళి ఆ హక్కు ఇస్తుంది. దేశంలో తెల్లవాళ్ళు అయిదింట ఒక వంతు. భూమిలో అత్యధిక భాగం, ఓటు హక్కు దాదాపు మొత్తం వాళ్ళ చేతిలోనే. వారసుల జాబితా మారితే ఈ లెక్క నాలుగు తరాల్లో తారుమారవుతుంది.

పెళ్ళితో ఆగలేదు లెండి. పెళ్ళి కాని సంబంధాల మీద 1927లోనే ఒక చట్టం ఉంది, తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య. 1950లో దాన్ని తెల్లవాళ్ళకీ మిగతా అందరికీ మధ్య అని పెంచారు. 1957లో ఏడేళ్ళ జైలు దాకా శిక్ష పెట్టారు. దీన్ని అమలు చేయాలంటే పోలీసులు పడగ్గదుల్లోకి తొంగిచూడాలి, చూశారు కూడా. చెట్లెక్కి బైనాక్యులర్లు పెట్టుకున్నారు, తెల్లవారుజామున తలుపులు బద్దలుకొట్టి పక్కగుడ్డ వెచ్చగా ఉందా అని చేత్తో తడిమి చూశారు. కోర్టులో సాక్ష్యం అదే. 1970-71లో ఫ్రీ స్టేట్‌లోని ఎక్సెల్సియర్ అనే చిన్న ఊళ్ళో కొందరు తెల్ల పెద్దమనుషుల మీదా, పద్నాలుగుమంది నల్ల స్త్రీల మీదా ఈ కేసు పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచీ విలేకరులు దిగారు. తీరా విచారణ వేళకి ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకుంది. ఎందుకో మీరే ఊహించుకోండి.

మరి ఎవరు తెల్ల, ఎవరు కాదు? 1949 చట్టం ప్రకారం చూడ్డానికి ఎలా ఉన్నారు, నలుగురూ ఏమనుకుంటారు అన్నదే కొలబద్ద. 1950 తర్వాత ప్రతి మనిషికీ రికార్డుల్లో ఒక జాతి గడి కేటాయించారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవారు, జారిపడితే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి. నవ్వులాట కాదు, ఇది నిజంగా చేశారు. గడి నచ్చకపోతే అర్జీ పెట్టుకోవచ్చు. ప్రేమించినవాళ్ళలో కొందరు పెట్టుకున్నది ఈ అర్జీయే: నన్ను ఆవిడ గడిలోకి మార్చండి, పెళ్ళి చేసుకుంటాం అని. 1985 ఒక్క ఏడాది లెక్క చూడండి. 702 మంది కలర్డ్ వాళ్ళు తెల్లవాళ్ళయ్యారు. 19 మంది తెల్లవాళ్ళు కలర్డ్ అయ్యారు. 50 మంది భారతీయులు కలర్డ్ అయ్యారు, 43 మంది కలర్డ్ వాళ్ళు భారతీయులయ్యారు. నల్లవాడు తెల్లవాడైంది మాత్రం ఒక్కటీ లేదు, అటునుంచి ఇటూ లేదు. క్లాసులో ఈ అంకెలు చదివి వినిపిస్తే పిల్లలు ముందు నవ్వేవారు. తర్వాత ఎవరో ఒకరు "మా తాతయ్య ఆ 50 మందిలాంటి వాడే సార్" అనేవారు. నవ్వు ఆగిపోయేది.

శాండ్రా లైంగ్ కథ మీరు వినే ఉంటారు. 1955లో తెల్ల తల్లిదండ్రులకి పుట్టింది, ఒంటి రంగు, జుట్టు మాత్రం వేరుగా ఉన్నాయి. 1966లో, పదేళ్ళ వయసులో, తెల్లపిల్లల బడినుంచి పోలీసులు తీసుకొచ్చి ఇంటి దగ్గర దించేశారు, ఆ పిల్ల కలర్డ్ అని రాశారు. తండ్రి కోర్టులకెక్కాడు. 1967లో చట్టమే మార్చి, తల్లిదండ్రులిద్దరూ తెల్లవాళ్ళయితే బిడ్డా తెల్లే అన్నారు. అమ్మాయి మళ్ళీ తెల్లదైంది. ఆ తర్వాత ఆమె ఒక నల్ల అతన్ని ప్రేమించి స్వాజిలాండ్‌కి వెళ్ళిపోయింది. అప్పుడు మొదలైంది అసలు చిక్కు: కాగితంలో తెల్లదిగా ఉంటే నల్ల భర్తతో కాపురం నేరం, పిల్లల్ని దగ్గర పెట్టుకోవడమూ కష్టం. తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి సాధించిన గడిని వదులుకుని, నన్ను మళ్ళీ కలర్డ్‌గా మార్చండని ఆవిడే అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది.

పెళ్ళి రాజకీయం ఎలా అవుతుందని మీరు అడిగారు కాబట్టి సెరెట్సే ఖామా సంగతి వివరంగా చెప్పాలి. నాకు ఇష్టమైన పాఠం కూడా.

ఇప్పటి బోట్స్వానా అప్పట్లో బెచువానాలాండ్, బ్రిటిష్ రక్షణలో ఉండేది. అందులో బాంగ్వాటో అనే పెద్ద తెగకి సెరెట్సే వారసుడు. చిన్నప్పుడే తండ్రి పోతే, బాబాయి షెకెడీ రాజ్యం చూసుకుంటూ ఇతన్ని లా చదవడానికి ఇంగ్లండ్ పంపాడు. 1947లో లండన్‌లో ఒక మిషనరీ సంఘం డాన్స్‌లో రూత్ విలియమ్స్ పరిచయమైంది. లాయిడ్స్‌లో గుమాస్తా ఉద్యోగం. ఏడాది తర్వాత పెళ్ళి అనుకున్నారు. ఆమె తండ్రి ససేమిరా అన్నాడు. అతని బాబాయి ఆపడానికి టెలిగ్రాముల మీద టెలిగ్రాములు. చర్చిలో ముహూర్తం పెట్టుకుంటే, ప్రభుత్వం ఒప్పుకుంటేనే జరిపిస్తామని లండన్ బిషప్ అడ్డం పడ్డాడు. చివరికి 1948 సెప్టెంబర్ 29న కెన్సింగ్టన్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టుకున్నారు.

ఇక ఊళ్ళో పంచాయితీ. ఆ తెగ ముఖ్య పట్టణం సెరోవేలో క్గోట్లా అని ఉంటుంది, మన రచ్చబండ అనుకోండి. మగవాళ్ళు చేరి, ఎవరి మాట వాళ్ళు చెప్పి, గంటలకొద్దీ, రోజులకొద్దీ మాట్లాడతారు. మొదటి రెండు సభల్లో ఎక్కువమంది పెళ్ళికి వ్యతిరేకమే. వాళ్ళ అభ్యంతరం రంగు ఒక్కటే కాదు: రాజు భార్య తెగకి తల్లి, తెగని అడక్కుండా తల్లిని తెస్తావా అని. న్యాయమైన ప్రశ్నే. 1949 జూన్‌లో మూడోసారి చేరారు, వేలమంది. సెరెట్సే లేచి, నా పెళ్ళి ఇష్టం లేనివాళ్ళు నిలబడండి అన్నాడు. ఓ నలభైమంది పెద్దలు లేచారు. నా భార్యని ఒప్పుకునేవాళ్ళు నిలబడండి అన్నాడు. మైదానం మొత్తం లేచి నిలబడింది, చప్పట్లూ కేకలూ. బాబాయి ఓడిపోయాడు, తనవాళ్ళని తీసుకుని పక్క తెగ ప్రాంతానికి వెళ్ళిపోయాడు. కుటుంబం గొడవ, తెగ గొడవ అక్కడికి తేలిపోయింది, వాళ్ళ పద్ధతిలో వాళ్ళే తేల్చుకున్నారు.

ఆ సభ ముగిసిన కొద్దిరోజులకే, జులైలో, సరిహద్దు అవతల దక్షిణాఫ్రికాలో మిశ్రమ వివాహాల నిషేధం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రధాని మలాన్ పరిస్థితి ఊహించండి. తన దేశంలో కూడదని శాసనం చేసిన పని పక్క ఇంట్లో రాజు చేశాడు, తెగంతా చప్పట్లు కొట్టింది. పైగా బెచువానాలాండ్ పాలనా కార్యాలయం ఉన్నది మఫెకింగ్‌లో, అంటే దక్షిణాఫ్రికా నేల మీద. సెరెట్సే ఆ గడప తొక్కకూడదని మలాన్ ప్రభుత్వం నిషేధించింది. సొంత దేశం ఆఫీసుకి వెళ్ళాలంటే పరాయి దేశం అనుమతి కావాలి!

లండన్‌లో ఉన్నది అట్లీ గారి లేబర్ ప్రభుత్వం, సమానత్వం అని మాట్లాడేవాళ్ళే. కానీ యుద్ధం తర్వాత బ్రిటన్‌కి దక్షిణాఫ్రికా బంగారం కావాలి, యురేనియం కావాలి. మలాన్‌కి కోపమొస్తే బ్రిటిష్ చేతిలో ఉన్న బెచువానాలాండ్, బసుటోలాండ్, స్వాజిలాండ్ మూడింటినీ మాకు అప్పగించండని పట్టుబడతాడన్న భయం ఒకటి. అందుకని ఒక విచారణ వేశారు, జడ్జి హారగన్ అధ్యక్షుడు. ఆయన నిజాయితీపరుడు, ఇబ్బంది అక్కడే వచ్చింది. సెరెట్సే పాలించడానికి అన్నివిధాలా తగినవాడే, పొరుగు తెల్ల ప్రభుత్వాలకి ఈ పెళ్ళి గిట్టదు కాబట్టి మాత్రమే వద్దు అన్న అర్థంలో రాసిచ్చాడు. ప్రభుత్వం బయటికి చెప్పలేని కారణం అదొక్కటే. నివేదికని బీరువాలో పెట్టి దాదాపు ముప్పయ్యేళ్ళు తాళం వేశారు.

మాట్లాడుకుందాం రమ్మని సెరెట్సేని లండన్ పిలిపించారు. ఏడాదికి 1,100 పౌన్లు ఇస్తాం, గద్దె వదిలేసి ఇక్కడే ఉండమన్నారు. కాదన్నాడు. 1950 మార్చిలో బహిష్కరించారు. ఆ వార్త తెగకి స్వయంగా చెప్పడానికి బ్రిటిష్ హైకమిషనర్ బేరింగ్ సెరోవేకి వచ్చాడు, పూర్తి దర్జా యూనిఫాంతో. క్గోట్లాకి జనం రాలేదు. తొమ్మిది నెలల కింద వేలమంది లేచి నిలబడిన చోటు ఖాళీగా ఉంది, దొరగారు వచ్చినదారినే వెళ్ళాడు. ఆ సమయానికి రూత్ సెరోవేలోనే ఉంది, కడుపుతో. మే నెలలో పాప పుట్టింది. తర్వాత వాళ్ళూ లండన్ చేరారు. 1952లో కన్సర్వేటివ్ ప్రభుత్వం బహిష్కరణని శాశ్వతం చేసింది. ఇంకో నాయకుణ్ణి ఎన్నుకోమంటే తెగ మొండికేసింది.

చివరికి దారి వేసింది ఎవరనుకున్నారు? బాబాయే. షెకెడీ అబ్బాయితో రాజీపడ్డాడు, ఇద్దరూ గద్దె మీద హక్కు వదులుకున్నాక 1956లో మామూలు పౌరులుగా దేశానికి రానిచ్చారు. పెద్దాయన కోపం కొన్నేళ్ళలో చల్లారింది. రూత్ అత్తవారి దేశంలోనే చివరిదాకా ఉండిపోయింది. సెరెట్సే పార్టీ పెట్టి, 1966 సెప్టెంబర్ 30న బోట్స్వానాకి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత వాళ్ళబ్బాయి ఇయాన్ కూడా పదేళ్ళు అధ్యక్షుడిగా చేశాడు.

ఇదంతా తెల్ల-నల్ల కథ, మరి మనవాళ్ళ సంగతి? చాలామందికి తెలియని ముక్క ఒకటి చెప్తాను. 1949 చట్టం నిషేధించింది తెల్లవాళ్ళతో పెళ్ళిని మాత్రమే. ఒక భారతీయుడు నల్ల అమ్మాయిని, ఒక తెలుగు పిల్ల కలర్డ్ అబ్బాయిని చేసుకుంటే ఆ చట్టం ప్రకారం తప్పులేదు. మిగతావాళ్ళు ఎలా కలిసిపోయినా ప్రభుత్వానికి పట్టలేదు, తెల్ల గడి చెదరకపోతే చాలు. కాకపోతే కాపురం ఎక్కడ పెడతారు? భారతీయుల పేట వేరు, కలర్డ్ పేట వేరు, నల్లవాళ్ళ పేట వేరు. పెళ్ళికి అడ్డం లేదు, ఇంటికి పర్మిట్ కావాలి.

భారతీయుల పెళ్ళిళ్ళ మీద ఇంకా పాత దెబ్బ ఉంది. 1860 నుంచి 1911 దాకా డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతపు చెరకు తోటలకి 1,52,000 మందికి పైగా గిర్మిట్ కూలీలు, అంటే ఒప్పంద కూలీలు వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే, వాళ్ళలో మన ఉత్తర కోస్తా, చిత్తూరు వైపువాళ్ళు చాలామంది. తెల్ల దొరలకి కావలసింది చేతులు, సంసారాలు కావు. ఓడలో వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం పెడితే, అదే ఎక్కువని గొణిగేవారు. కాంట్రాక్టు అయ్యాక కూడా ఉండిపోతే మనిషికి ఏడాదికి 3 పౌన్ల పన్ను, పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లకి కూడా. ఇంట్లో ఈడొచ్చిన కూతురు ఉంటే ఆ తండ్రికి పెళ్ళి ఖర్చుకంటే ముందు పన్ను బెంగ.

1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో జడ్జి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. బాయి మరియం అనే ఆవిడ భర్త దగ్గరికి వస్తే ఓడరేవులో దిగనివ్వలేదు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతం ప్రకారం జరిగిన పెళ్ళిని ఈ దేశం గుర్తించదు, కాబట్టి ఆవిడ చట్టం దృష్టిలో భార్య కాదు అన్నాడు జడ్జి. ఒక ముస్లిం స్త్రీ కేసే, కానీ ఆ మాట పట్టుకుంటే హిందువుల పెళ్ళిళ్ళు కూడా పోయినట్టే. ఒక్క పూటలో వేలమంది ఇల్లాళ్ళు ఉంపుడుగత్తెలయ్యారు, పిల్లలకి వారసత్వం ప్రశ్నార్థకమైంది. వలస ఆఫీసర్లకి ఇది వరం: భార్యే కాకపోతే దేశంలోకి రానివ్వక్కర్లేదు కదా. అంతదాకా గాంధీ గారి సత్యాగ్రహంలో ఆడవాళ్ళు జైలుకి వెళ్ళలేదు. ఈ తీర్పు తర్వాత వెళ్ళారు. సెప్టెంబర్‌లో గాంధీ గారి ఫీనిక్స్ ఆశ్రమం నుంచి బయలుదేరి సరిహద్దు దాటిన పదహారుమందిలో కస్తూర్బా ఉంది, మూడు నెలల కఠిన శిక్ష పడింది. ఆయన ఇంకో ఆశ్రమం టాల్‌స్టాయ్ ఫార్మ్ నుంచి వెళ్ళిన ఆడవాళ్ళు న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గర కూలీలతో మాట్లాడితే గనులు ఆగిపోయాయి. జైలు నుంచి జ్వరంతో వచ్చిన వల్లియమ్మ అనే తమిళ పిల్ల 1914 ఫిబ్రవరిలో చనిపోయింది, పదహారేళ్ళు. ఆ ఏడాది మధ్యలో 3 పౌన్ల పన్ను తీసేశారు, ఒకే భార్య ఉంటే ఆ పెళ్ళిని గుర్తిస్తామన్నారు.

డర్బన్‌లోని భారతీయుల పేట చాట్స్‌వర్త్‌లో ఒక పెద్దావిడ తన ట్రంకుపెట్టె తీసి నాకో కాగితం చూపించింది. మడతల దగ్గర చిరిగి, వెనక పాత కేలండర్ అట్ట అంటించి ఉంది. వాళ్ళ అత్తగారి పెళ్ళి రిజిస్ట్రేషన్, 1915. "ఆమెకి తాళి కట్టింది అంతకి మూడేండ్ల ముందరే నాయనా," అంది. "పెద్దకొడుకుని సంకనేసుకుని పోయి సంతకం పెట్టింది. సంతకమంటే ఏలిముద్రే." ఆ కాగితం మూలన ఉన్న నల్లటి మచ్చ మీద ఆవిడ తన బొటనవేలు పెట్టి చూసుకుంది.

1953లో మళ్ళీ ఇంకో చట్టం. అక్కడి భారతీయులు ఇండియా నుంచి పెళ్ళికూతురిని తెచ్చుకోవడం ఆపేశారు. అప్పటిదాకా విశాఖ వైపు, చిత్తూరు వైపు సంబంధాలు చూసుకున్న కుటుంబాలు ఉండేవి. ఆ దారి మూసుకుపోయాక సంబంధాలన్నీ అక్కడికక్కడే. తెలుగువాళ్ళు తక్కువ, తమిళులు ఎక్కువ. రెడ్డి పిల్ల తమిళ గోవెండర్ ఇంటి కోడలవడం మామూలైంది, కులం పట్టు చెరకు తోటల్లోనే సడలిపోయింది. తెలుగు కూడా సడలింది, ఆ మాట ఒప్పుకోవాలి. 1931లో పెట్టిన ఆంధ్ర మహాసభ ఇప్పటికీ భజనలు, క్లాసులు నడుపుతోంది, కానీ ఇళ్ళల్లో మాట్లాడేది ఇంగ్లీషే. భాష పోవడానికి కారణాలు చాలా చెప్తారు. కొత్త కోడళ్ళు రావడం ఆగిపోవడం కూడా ఒకటని నా నమ్మకం.

ఇంకొకటి చెప్పకపోతే ఈ సమాధానం తప్పుదోవ పట్టిస్తుంది. మిశ్రమ జంటల మీద సినిమాలు వస్తాయి కాబట్టి మనకి అవే తెలుసు. వర్ణవివక్ష ఎక్కువ సంసారాలని విడగొట్టింది నల్ల భర్తనీ నల్ల భార్యనీ. ఊళ్ళో ఉద్యోగం ఉన్న మగవాడు హాస్టల్లో ఉండాలి, భార్య పల్లెలో ఉండాలి. పాస్ (అనుమతి కాగితం) లేకుండా ఊళ్ళో 72 గంటలు దాటితే అరెస్టు. ఏడాదికొకసారి క్రిస్మస్ సెలవుల్లో తండ్రిని చూసే పిల్లలు. కేప్‌టౌన్ గుగులెతులో ఉండే వేలీ కొమానీ అనే కార్మికుడు తన భార్య తనతో ఉండాలని కోర్టుకెళ్ళాడు. కేసు అప్పీలు కోర్టు దాకా వెళ్ళి 1980లో గెలిచాడు. ఒకే జాతి, చట్టబద్ధమైన పెళ్ళి, అయినా భార్య పక్కన ఉండటానికి అంత పోరాటం.

1985 జూన్‌లో మిశ్రమ వివాహాల నిషేధం ఎత్తేశారు. పేటల చట్టం, జనాభా నమోదు చట్టం మాత్రం 1991 దాకా అలాగే ఉన్నాయి. అంటే ఆరేళ్ళపాటు పెళ్ళి చేసుకోవచ్చు, కానీ దంపతులు ఏ పేటలో ఉండాలి, పిల్లలు ఏ బడికి వెళ్ళాలి అన్నది ఆఫీసర్ల దయ.

బాయి మరియం కేసు మాత్రం అక్కడితో అవలేదు. 1961 వివాహ చట్టం భారతీయ మతాల పూజారులకి కూడా మ్యారేజ్ ఆఫీసర్ హోదా ఇచ్చే వీలు పెట్టింది, కానీ రిజిస్టర్ కాని పెళ్ళికి చట్టం అండ లేదు. వర్ణవివక్ష పోయాక కూడా నిఖా ఒక్కటే అయిన ముస్లిం భార్యలు విడాకులప్పుడు, ఆస్తి పంపకాలప్పుడు ఖాళీ చేతులతో మిగిలిపోయేవారు. 2022 జూన్ 28న జొహానెస్‌బర్గ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం అది తప్పని తేల్చి, చట్టం సరిదిద్దమని పార్లమెంటుకి 24 నెలలు గడువిచ్చింది. సెర్ల్ తీర్పుకి అప్పటికి 109 ఏళ్ళు.

డర్బన్‌లో తెలుగు పెళ్ళికి ఎప్పుడైనా వెళ్తే గమనించండి. మూడు ముళ్ళూ పడి, తలంబ్రాలు అయ్యాక పూజారి గారు చేతులు తుడుచుకుని, సంచీలోంచి రిజిస్టర్ తీస్తారు. పీటల మీద బియ్యం పక్కకి తోసి, దాని మీద పెట్టి సంతకాలు పెట్టిస్తారు. అప్పటిదాకా ముసలాళ్ళెవరూ భోజనాలకి లేవరు.